గేటు దగ్గర బిగుసుకున్న బ్రేకు

మా ఊళ్ళో నవంబరు నుంచి మార్చి దాకా ఎవరూ హ్యాండ్‌బ్రేక్ లాగరు. బండిని గేర్లో వదిలేసి దిగిపోతారు. నేల ఏటవాలుగా ఉంటే చక్రం కింద ఒక కట్టె ముక్క తోస్తారు. ఇది ఒకరు నేర్పితే వచ్చేది కాదు, ఇక్కడ పుట్టినవాళ్ళకి పుట్టుకతోనే వస్తుంది. వెచ్చటి ఊళ్ళనుంచి కొత్తగా వచ్చే టీచర్లకి మాత్రం మా ఆయన నెస్టర్ చెప్పేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి కాబట్టి చెప్పే హక్కు తనదే అనుకునేవాడు. "ఆ పిడి మీ బండిలో లేదనుకోండమ్మా. తడి బ్రేకు మీద లాగారో, మంచు కరిగేదాకా అక్కడే కాపురం."

అలాంటివాడి పెళ్ళాన్ని నేను. డెబ్భై ఒకటి నిండినదాన్ని. మొన్న జనవరిలో మా గేటు దగ్గర హ్యాండ్‌బ్రేక్ లాగింది నేనే. తర్వాత చెబితే దాచిపెట్టినట్టుంటుందని ముందే చెప్పేస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి ఫోన్ వచ్చింది. మా అక్క స్లావ్కా కూతురు లరిస్సా. సస్కటూన్ నగరంలో ఆసుపత్రి నుంచి చేసింది. అక్కకి ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని నాకు ఊళ్ళోవాళ్ళ ద్వారా ముందే తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

"పిన్నీ, డాక్టర్లు ఇక రోజుల్లో లెక్క కాదు, గంటల్లోనే అంటున్నారు. అమ్మ మిమ్మల్ని అడుగుతోంది. వీలైతే రేపు మధ్యాహ్నంలోపు రండి."

ఆ పిల్లే మళ్ళీ అంది. "పోనీ ఫోన్ అమ్మ చెవి దగ్గర పెట్టనా? ఆక్సిజన్ మాస్కు ఉంది, తను ఎక్కువ మాట్లాడలేదు గానీ వింటుంది."

"వద్దు," అన్నాను. "నేనే వస్తాను."

ఎందుకు వద్దన్నానంటే, పదకొండేళ్ళ కిందట అక్కని నేను అన్న మాట ముఖం మీద అన్నాను. క్షమించమని అడిగేది కూడా ముఖం చూసే అడగాలనుకున్నాను. ఫోన్లో గొణిగి చేతులు దులుపుకుంటే నాకే అసహ్యం వేస్తుంది. అప్పుడు అది మంచి ఆలోచనే అనిపించింది.

ఆ మాట ఏమిటో చెప్పాలి. మా అమ్మ ఆ ఏడు ఫిబ్రవరిలో పోయింది. మూడు రోజులు గడ్డీ బొగ్గూ వేసి మంట పెట్టి, నేల కరిగించి గొయ్యి తవ్వారు. నాలుగు రోజులపాటు అన్నీ నా ఒక్కదాని నెత్తిమీద పడ్డాయి. అక్క నగరం నుంచి రావాలి. ప్రార్థన అయింది, అక్క రాలేదు. పెట్టె దింపారు, రాలేదు. మట్టి పోశారు. చర్చి హాల్లో అందరూ భోజనాలకి కూర్చుని సూపు తాగుతుంటే తలుపు తీసుకుని వచ్చింది, కనుబొమల మీద మంచుతో. దారిలో పెట్రోలు గొట్టం గడ్డకట్టిందట, రెండున్నర గంటలు రోడ్డు పక్కన నిలబడిందట. ఎనభై మంది ముందు, చేతిలో సూపు గరిటెతో నేనన్నాను కదా, "చలి అందరికీ ఒకటే. రావాలనుకున్నవాళ్ళు వస్తారు."

అక్క కోటు కూడా విప్పలేదు. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు క్రిస్మస్‌లకి కార్డు పంపింది. నేను జవాబు రాయలేదు. మూడో ఏడు నుంచి కార్డు రావడం మానేసింది. అది మానేసిందే అని నేను మళ్ళీ కోపం తెచ్చుకున్నాను. నా కోపం అలాంటిది, దానికి మేత ఎక్కడైనా దొరుకుతుంది.

ఫోన్ పెట్టేసి కోటు వేసుకుంటుంటే నెస్టర్ అడ్డం వచ్చాడు. ఆ రోజు వింతగా వెచ్చగా ఉంది, సున్నాకి రెండు డిగ్రీలు పైన. చూరులు కారుతున్నాయి, వాకిలంతా నీళ్ళు. చీకటి పడగానే అదంతా అద్దంలా గడ్డకడుతుంది.

"ఇప్పుడు బయల్దేరితే అక్కని చూడటం కాదు, ఇద్దరం ఏ కాలవలోనో ఉంటాం," అన్నాడు. "పొద్దున్నే వెళ్దాం. చలి పెరిగితే రోడ్డు గట్టిపడుతుంది, ఇసక చల్లుతారు. పదింటికల్లా అక్కడుంటాం. నా మాట విను హాన్యా."

అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైన మాట. అందుకే ఒళ్ళు మండింది. అతను స్నానానికి వెళ్ళగానే తాళాలు తీసుకుని కారెక్కాను. వాకిట్లో నీళ్ళలోంచి చక్రాలు మునిగేలా నడిపాను. గేటు దాటి రోడ్డు ఎక్కేచోట కాస్త ఎత్తు. అక్కడ కారు ముందుకి పోలేక వెనక్కి జారడం మొదలుపెట్టింది. కాలి బ్రేకు తొక్కినా జారుతోంది. చేతికి అందిన పిడి పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాను. కారు ఆగింది. అక్కడే కూర్చుని పెద్దగా ఏడ్చాను. ఏడుపయ్యాక తాళం తీసి, ఇంటికి నడిచి వచ్చాను.

నెస్టర్ తిట్టలేదు. బ్రేకు సంగతి నేను చెప్పలేదు. ఇంజను గడ్డకట్టకుండా దాని హీటరుకి కరెంటు పెట్టాలి కదా, రెండు పొడుగాటి వైర్లు కలిపి గేటు దాకా లాగాడు. రాత్రి గాలి మారింది.

పొద్దున్న ఆరున్నరకి బయటికి వస్తే మైనస్ ముప్ఫై ఎనిమిది. ముక్కులో వెంట్రుకలు మొదటి ఊపిరికే బిగుసుకున్నాయి. చీకటిగానే ఉంది. ఒక సంచీలో అక్కకిష్టమని గసగసాల రొట్టె పెట్టుకున్నాను. మింగలేని మనిషికి రొట్టె ఏమిటో, అది కూడా ఆలోచించలేదు.

ఇంజను మొదటిసారికే అందుకుంది. నెస్టర్ గేరు మార్చబోయి చెయ్యి ఆపాడు. నిటారుగా లేచి ఉన్న పిడి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. దాన్ని కిందకి దింపాడు. అది మెత్తగా, ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది. అలా దిగిందంటే లోపల బ్రేకు తీగె గడ్డకట్టి కదల్లేదని అర్థం.

గేరు వేసి యాక్సిలరేటరు తొక్కాడు. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. వెనక చక్రాలు మేకులు కొట్టినట్టు అక్కడే ఉన్నాయి. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ ఇరవైసార్లు ఊపాడు. కారు మూలిగింది తప్ప జానెడు కదల్లేదు.

"పట్టేసింది," అన్నాడు.

ఒక్క మాటే. నన్ను నాలుగు తిట్టి ఉంటే నేను పది తిట్టి తేలికపడేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

జాకీ, సుత్తి తెచ్చి మంచులో మోకాళ్ళమీద కూర్చున్నాడు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. ఎడమ చక్రం ఊడదీసి, లోపలి డ్రమ్ము చుట్టూ సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. గట్టిగా కొడితే ఆ చలిలో ఇనుము పగులుతుంది, మెల్లగా కొడితే మంచు వదలదు. బోల్టులు పట్టుకోవడానికి చేతి తొడుగు తీయాల్సి వచ్చింది. ఇనుముకి వేలి చర్మం అంటుకుపోయింది. లాగేసుకున్నాడు. నలభై నిమిషాల తర్వాత లోపల ఏదో ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది, ఎడమవైపు వదిలింది. కుడివైపు ఎంత కొట్టినా మొండికేసింది.

"ప్రోకోప్‌కి ఫోన్ చేస్తాను. వాడి దగ్గర గొట్టాల్లో గడ్డకట్టిన నీళ్ళు కరిగించే గ్యాస్ బర్నరుంది," అంటూ లేచాడు. వేళ్ళ కొసలు రెండు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "లరిస్సాకి కూడా చెయ్యి. ఆలస్యమవుతుందని చెప్పు."

"చెయ్యను."

"పిల్ల ఎదురుచూస్తుంది కదే."

"ఏమని చెప్పమంటావ్? చలికి బండి కదల్లేదని చెప్పనా? నేను? స్లావ్కాకి?"

నెస్టర్‌కి అర్థమైంది. ఆ రోజు హాల్లో నా పక్కనే నిలబడ్డవాడే కదా. తల ఊపి ఇంట్లోకి పోయాడు, వేళ్ళు చంకల్లో పెట్టుకుని.

అతని వెనకే నేనూ వెళ్ళాను. పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది, టీ కోసం పెట్టింది. అతను ఫోన్లో ఉన్నాడు. కెటిల్ పట్టుకుని గేటు దాకా పరిగెత్తాను. డెబ్భై ఒక్క ఏళ్ళుగా ఈ నేల మీద బతుకుతున్నదాన్ని, ఈ చలిలో వేడినీళ్ళు ఏమవుతాయో నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ నిమిషంలో ఏదో ఒకటి చెయ్యాలి, అంతే. కుడి చక్రం మీద కుమ్మరించాను. ఆవిరి మేఘంలా లేచింది. ఆవిరి పోయేసరికి చక్రం చుట్టూ, డ్రమ్ము సందుల్లో, తీగె మీద కొత్త మంచు అప్పుడే మెరుస్తోంది. పదకొండేళ్ళు తీరిగ్గా కూర్చున్నదాన్ని, పదకొండు నిమిషాలు ఆగలేకపోయాను.

నెస్టర్ వచ్చి చూసి, "నీళ్ళా?" అన్నాడు.

"నీళ్ళే."

నా చేతిలోంచి కెటిల్ తీసుకుని పక్కన పెట్టాడు. మళ్ళీ మోకాళ్ళమీద కూర్చున్నాడు.

ప్రోకోప్ మా పక్క పొలంవాడు. పక్క అంటే మూడు మైళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేని డెబ్భై అయిదేళ్ళ మనిషి, నోరు మాత్రం ఇరవై ఏళ్ళవాడిది. అతని ట్రక్కు అంతకుముందు వారమే మెకానిక్కు దగ్గరికి పోయింది. లేకపోతే అందులో మమ్మల్ని దించేసేవాడే. ట్రాక్టరేసుకుని వచ్చేసరికి ఎనిమిదీ ముప్పావు అయింది. తూర్పున అప్పుడే తెల్లబడుతోంది. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిందకి వంగి చూసి, గడ్డం మీది మంచు దులుపుకున్నాడు.

"ఓరి మీ దుంపతెగ! ఇదేంట్రా, చక్రానికి స్నానం చేయించారా? ఇంతకీ ఈ చలిలో హ్యాండ్‌బ్రేక్ లాగిన ఆ మహానుభావుడెవరు?"

నేను నోరు తెరిచాను. కారు కిందనుంచి నెస్టర్ గొంతు వినిపించింది.

"నేనే."

"నువ్వా? ముప్ఫై ఏళ్ళు ఊరందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరావు కదరా, లాగొద్దు లాగొద్దని!"

"మర్చిపోయాను."

"నీళ్ళు పోసింది కూడా నువ్వేనా?"

"నేనే. కబుర్లాపి ఆ బర్నరు ఇలా ఇయ్యి."

"అయిపోయింది వదినా, వీడి పనైపోయింది," అన్నాడు ప్రోకోప్ నాతో. "ఇకమీదట వీడికి తాళాలివ్వకు. రేపు నిన్నే ఎక్కడో మర్చిపోయి వస్తాడు."

అప్పుడు చెప్పాల్సింది, ఆయన కాదు నేనని. ముఖానికి చుట్టుకున్న ఉన్ని శాలువా నా ఊపిరికే గడ్డకట్టి పెదవులకి అంటుకుని ఉంది. అది సాకు. నిజం చెప్పాలంటే, అతని వెనక దాక్కోవడం నాకు హాయిగా అనిపించింది. ఒకరి తప్పుని మారుమాట లేకుండా ఇంకొకరు మీదేసుకోవడం ఇంత సులువైన పనా అనిపించింది. ఆ రోజు హాల్లో నేనూ ఒక్కమాటే అని ఉండొచ్చు. "పాపం, దారి అలా ఉంది, కూర్చో అక్కా," అంటే సరిపోయేది. ఎనభై మందీ నమ్మేవాళ్ళు. సూపు కూడా ఇంకా వేడిగానే ఉంది.

బర్నరు మంటని ఒక రేకు గొట్టంలోంచి పంపి, వేడి మాత్రం చక్రానికి తగిలేలా పట్టుకున్నారు. దగ్గరగా పెడితే టైరు కాలుతుంది, దూరంగా పెడితే గాలి ఎత్తుకుపోతుంది. నేను పోసిన నీళ్ళు ముందు కరగాలి, ఆ తర్వాతే లోపలి మంచు. కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టకుండా ప్రోకోప్ అద్దాలు కడిగే స్పిరిటు పోస్తూ తుడుస్తున్నాడు. తొమ్మిదిన్నరయింది. పదయింది. ఆ పాటికి నేను అక్క మంచం పక్కన ఉండాలి. నిలబడలేక, కూర్చోలేక, గేటుకీ రోడ్డుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. దేవుణ్ణి కూడా అడగలేకపోయాను. ఏమని అడగను, ఈ ఒక్కసారికి నాకు మాత్రం చలి వేరేగా ఉంచమనా?

పదీ నలభైకి కుడి చక్రం వదిలింది. ప్రోకోప్ కేకేసి నెస్టర్ వీపు మీద చరిచాడు. ఎవరూ టీ తాగలేదు. చక్రాలు బిగించి బయల్దేరాం.

దారిలో నెస్టర్ ఒక్క చేత్తో స్టీరింగు పట్టుకున్నాడు. రెండో చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు, ఆ రెండు వేళ్ళకీ స్పర్శ లేదు.

"చెయ్యి ఇలా ఇయ్యి," అన్నాను.

"వద్దులే. రుద్దితే తోలు ఊడుతుంది."

"ప్రోకోప్‌తో నువ్వేనని ఎందుకన్నావ్?"

"ఎవరైతేనేం? బండి కదలాలి గానీ."

సస్కటూన్‌కి రెండున్నర గంటల దారి. ఎండ బాగా కాసింది, కళ్ళు చెదిరేలా. ఇంత చలిలోనే మాకు అంత మంచి ఎండ వస్తుంది. అక్కతో ఏమనాలో కూడబలుక్కుంటూ కూర్చున్నాను. ముందు క్షమించమంటాను. ఆ తర్వాత అది అడిగితే బ్రేకు సంగతి చెబుతాను. అది నవ్వినా సరే, "చలి అందరికీ ఒకటే" అని నా మాట నాకే అప్పజెప్పినా సరే. ఆ మాట పడటానికే వెళ్తున్నాననుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అన్నాక ఏడుస్తాం, అప్పుడది అయిపోతుంది.

ఆసుపత్రి మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి లరిస్సా నడవాలోనే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చేతిలో అక్క కళ్ళజోడు.

"పన్నెండూ పదికి, పిన్నీ," అంది.

గోడ మీద గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. నెస్టర్ నాకంటే ముందుకి వచ్చాడు. వస్తూనే, "అమ్మా లరిస్సా, తెల్లారి ఆరున్నరనుంచీ తంటాలు పడ్డాం. నా వల్లే, బ్రేకు..." అంటున్నాడు.

"నువ్వూరుకో," అన్నాను. "అతని వల్ల కాదే. నేనే ఆలస్యం చేశాను. బ్రేకు లాగిందీ నేనే, నీళ్ళు పోసిందీ నేనే. అంతకు ముందు పదకొండేళ్ళు ఇంట్లో కూర్చుందీ నేనే."

లరిస్సా నన్ను గదిలోకి తీసుకెళ్ళింది. అక్క మంచం మీద చిన్నదైపోయి ఉంది. మాస్కు తీసేశారు, బుగ్గల మీద దాని గుర్తు ఇంకా పోలేదు. జుట్టు దువ్వి ఉంది. చేతిమీద చెయ్యి వేశాను. అంత చలిలోంచి వచ్చిన నా చేతికి అది వెచ్చగానే తగిలింది. అలా నేను ఒక క్షణం మోసపోయాను.

"పొద్దున్న ఎనిమిదింటికి మెలకువ వచ్చింది," అంది లరిస్సా నా వెనక నిలబడి. "మాస్కు తనే పక్కకి లాగేసుకుంది. బయట చలి ఎంతుందని అడిగింది. మైనస్ ముప్ఫై ఎనిమిది అన్నాను. 'అయితే హాన్యా బండి కదలదు' అంది. కాసేపు ఊపిరి తీసుకుని, 'రాలేదని దాన్ని ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు' అంది. మళ్ళీ పడుకుంది. అంతే, మళ్ళీ లేవలేదు."

ఎనిమిదింటికి నేను టార్చిలైటు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఫోన్ ఇంట్లో ఉంది. చెయ్యనన్నాను.

మంచం అంచుకి తల ఆన్చి ఎంతసేపున్నానో తెలియదు. ఏడుపు రాలేదు. ఎవరైనా జుట్టు పట్టుకుని లేపి, చెంప మీద కొడితే వస్తుందేమో అనిపించింది. తల తిప్పి లరిస్సా చెయ్యి పట్టుకున్నాను.

"తిట్టవే నన్ను. నీకు హక్కుంది. మీ అమ్మని అందరి ముందూ అంత మాట అన్నాను. ఒక్క మాట అను, లరిస్సా. ఏదో ఒకటి అను."

ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులుగా నిద్ర లేదు. అనాలని దానికీ ఉంది, పెదవులు కదలడం నేను చూశాను.

"అమ్మ వద్దంది కదా, పిన్నీ," అంది చివరికి. చెయ్యి మెల్లగా విడిపించుకుని, నర్సు పిలుస్తుంటే కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్ళింది.